పంటిని మఱచిన వైద్యము

చిప్పగిరి చిన్న గ్రామమే. ఐనను దాససాహిత్యము నెఱిగినవారికి అది పెద్దపేరు. విజయదాసులవారు 1755 లో అచ్చటనే తనువు చాలించిరి. నేటికిని కార్తికమాసమున వారి ఆరాధనకు ఆంధ్రులును కన్నడిగులును కలిసి వత్తురు. ఒక్క గొంతుతో పాడుదురు. పాటకు నోరు ఆధారము. మాటకును, పూటపూటకు నమలు జొన్నరొట్టెకును అదియే ఆధారము. అట్టి నోటికి కలుగుచున్న యొక ఆపదను గూర్చియు, ఆ ఆపదయెడ ప్రభుత్వమును, ప్రజలును చూపుచున్న ఉపేక్షను గూర్చియు నేడు వ్రాయవలసియున్నది.

ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి జనము వర్షములు తప్పినప్పుడెల్ల పనులకై వలసపోవుట అందఱెఱిగినదే. గుంటూరు సీమకు మిరపకోతలకు పోవువారు కొందఱు. బెంగుళూరునకు కట్టుబడి పనులకు పోవువారు కొందఱు. అట్టి కూలివాని నొకని మనస్సున నూహించుకొందము. ఆకలి తెలియకుండుటకై బుగ్గలో పొగాకు దాచుకొనుట వానికి అలవాటు. ఏండ్లు గడచినపిమ్మట ఆ బుగ్గలోనే రాచపుండు లేచినది. పట్టణపు వైద్యులు శస్త్రము చేసిరి. పిదప ‘కరెంటు’ పెట్టిరి. కిరణచికిత్సకు మన పల్లెలలో నిలిచిన పేరు అదియే. వారమునకు అయిదు దినములు చొప్పున ఆరేడు వారములు పెట్టించుకొని, పుండు మానినదని సంతోషించి, ఇల్లు చేరి, మరల కూలికి పోయెను.

మూడేండ్లు గడచినవి. ఒకనాడు క్రింది దవడలో పన్ను సలుపసాగినది. దగ్గఱనున్న వానియొద్దకు పోయి పీకించుకొనెను. పీకినవాడు పూర్వము ‘కరెంటు’ పెట్టిరా యని అడుగలేదు, పీకించుకొన్నవాడు చెప్పలేదు. చెప్పవలెనని వానికి ఎవరును బోధింపలేదు. పీకినచోటు నెల గడచినను మానలేదు. మూడు నెలలు గడచినను మానలేదు. చిగురు మూయుటకు మాఱుగా తెల్లని ఎముక బయటపడినది. చీము, దుర్గంధము, నిద్రపట్టని బాధ. పిదప చెంపకు వెలుపల రంధ్రము పడి, త్రాగిన నీరు అందుండి కారసాగినది. తుదకొకనాడు రొట్టె కొఱుకబోగా దవడయే విఱిగినది. రాచపుండు తిరుగబెట్టినదని ఇంటివారు ఏడ్చిరి. కాని తిరుగబెట్టినది రాచపుండు కాదు. మాన్పిన కిరణములే ఎముకను చంపినవి. పీకిన పన్ను ఆ చావును బయటబెట్టినది.

ఈ మనిషి కల్పితుడు. వ్యాధి కల్పితము కాదు. వైద్యశాస్త్రమున దీనికి ఆస్టియోరేడియోనెక్రోసిస్ అని పేరు. కిరణములు సోకిన దవడలో ఎముక బయటపడి మూడు నెలలైనను మానక, అచ్చట రాచపుండు మరల లేదని పరీక్షవలన తేలినయెడల వైద్యులు ఈ పేరు పెట్టుదురు. కిరణచికిత్స పొందినవారిలో దీని పాలగువారు, ఇటీవలి లెక్కలలో సాధారణముగా నూటికి పదిమందికి లోపే. కావున కిరణచికిత్సకు భయపడి పాఱిపోవలెనని ఎవరును అనుకొనరాదు. ఆ చికిత్సయే వేలమంది ప్రాణములను నిలుపుచున్నది. కాని 2022 అంచనాలనుబట్టి మన దేశమున ఏటేట లక్షా నలుబదివేలకు పైగా జనమునకు నోటి రాచపుండు క్రొత్తగా వచ్చుచున్నది. వీరిలో పెక్కుమందికి కిరణచికిత్స అవసరమగును. అందు నూటికి అయిదుగురన్నను ఎన్ని వేల దవడలగునో పాఠకులే లెక్కింపగలరు.

ఎముక ఏల చచ్చును? మన సీమవారికి ఇది కాలువ భాషలో చెప్పిన వెంటనే బోధపడును. పై దవడకు నలుదిక్కులనుండి నెత్తురు వచ్చును. అది పెక్కు బావులు గల పొలము వంటిది. క్రింది దవడ యట్లు కాదు. అది గట్టి ఎముక. దాని లోపల ముఖ్యముగా ఒక్క నాళమే పాఱును. తుంగభద్ర దిగువకాలువ చివరి ఆయకట్టును దానికి సాటిగా చెప్పవచ్చును. కాలువలో ఎచ్చట పూడిక పడినను మొదట ఎండునది చివరి చేనే గదా! కిరణములు రాచపుండు కణములను చంపునప్పుడే సన్నని రక్తనాళములను కూడ గాయపఱచును. ఆ గాయము నాడే కనబడదు. నెలలు, ఏండ్లు గడచినకొలది నాళములు ముడుచుకొనిపోవును. మెత్తని కండ నారవలె బిగిసిపోవును. ఎముకను కట్టు కణములు తఱుగును. 60 గ్రేలకు మించిన మోతాదు పడినచోట అపాయము హెచ్చు. నోటి రాచపుండునకు ఇచ్చు మోతాదు సామాన్యముగా 60 మొదలు 70 గ్రేల వఱకు ఉండును. ఇట్టి ఎముక, ఏ గాయమును తగులకున్నంతకాలము ఎట్లో నిలిచియుండును. పన్ను పీకిన గాయమును మాన్పుటకు వలయు సత్తువ దానికి లేదు. చివికిన పడుగుపై ముడి నిలువదని ఎమ్మిగనూరు సాలెవారికి ఒకరు చెప్పవలెనా?

దీనికి తోడు, కిరణములు లాలాజలపు గ్రంథులను ఎండగట్టును. ఉమ్మి లేని నోట పండ్లు త్వరత్వరగా పుచ్చును. పుచ్చిన పన్ను పీకవలసివచ్చును. పీకిన ఎముక చచ్చును. నోరు బిగిసి తెఱవరానందున పండ్లు తోముకొనుటయే కష్టమగును. ఈ విషవలయమును తెంపవలసినది చికిత్స ముగిసినపిమ్మట కాదు, మొదలిడుటకు ముందే.

ఇది నిన్న నేడు తెలిసిన సంగతి కాదు. రాంట్‌జెన్ కిరణములు 1895 లోను, రేడియము 1898 లోను లోకమునకు తెలిసినవి. 1922 లోనే పారిసు వైద్యుడు రెగో ఈ ఎముక చావును వర్ణించెను. అంతకు పూర్వము అగ్గిపుల్లల కర్మాగారములలో తెల్ల భాస్వరము కూలివారి దవడలను కుళ్ళబెట్టెను. ఆ భాస్వరమును మాన్పుటకై 1906 లో బెర్ను నగరమున దేశములు ఒడంబడిక చేసికొనవలసివచ్చెను. 1920 ప్రాంతములందు అమెరికాలో గడియారపు ముఖములకు రేడియపు రంగు పూయు పడుచులు కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనిరి. వారి దవడలును కుళ్ళినవి. ఆ దవడను 1924 లో మొదట పేర్కొన్నవాడు న్యూయార్కు దంతవైద్యుడు బ్లూమ్. ఈ కథలన్నిటను నీతి యొక్కటే: దవడ ఎముక మూగసాక్షి, ఒకరు చేసిన పనికి ఏండ్ల తరువాత అది సాక్ష్యము చెప్పును. ఆ సాక్ష్యము పలుకువఱకు ఎదురుచూచుట వైద్యము కాదు.

వచ్చిన వ్యాధికి చికిత్స యేమి? ఇందును ప్రజలు మోసపోకుండుటకై కొంత వివరింపవలసియున్నది. 1983 లో అమెరికాలో మార్క్సు అను శస్త్రవైద్యుడు, ఎముకకు ప్రాణవాయువు చాలకపోవుటయే ఈ వ్యాధికి మూలమని చెప్పి, ఒత్తిడి పెంచిన గదిలో రోగిని కూర్చుండబెట్టి ఆక్సిజను పీల్పించు పద్ధతిని నెలకొల్పెను. చాలకాలము అదియే దివ్యౌషధమని వైద్యలోకము నమ్మినది. కాని 2004 లో ఫ్రాన్సు దేశమున 68 మంది రోగులపై జరిగిన తులనాత్మక పరీక్షలో ఆ గదివలన మేలు కనబడకపోగా, పరీక్షనే మధ్యలో ఆపవలసివచ్చెను. కిరణములు సోకిన క్రింది దవడపై శస్త్రము చేయునప్పుడు ముందుజాగ్రత్తగా ఆ గది నుపయోగించిన మేలగునా యని బ్రిటనువారు చేసిన పరీక్ష ఫలితము 2019 లో వెలువడినది. ఆ గదిలో కూర్చున్నవారికిని కూర్చుండనివారికిని ఫలము ఇంచుమించు సమానమే. కాబట్టి పట్టణములందలి ఆక్సిజను గదికై పొలము తాకట్టు పెట్టబోవు రైతు, మొదట నమ్మకస్థుడైన కాన్సరు వైద్యుని సలహా తీసికొనుట మంచిది.

మఱియొక మార్గము ఫ్రాన్సు దేశపు వైద్యురాలు దెలానియన్ చూపినది. ప్రాణవాయువు కొఱత కంటె, కండ నారవలె బిగియుటయే మూలమని వారి వాదము. అందులకు పెంటాక్సిఫిలిన్, విటమిన్ ఇ అను రెండింటిని నెలల తరబడి ఇత్తురు. కొందఱికి మూడవ మందునుగూడ చేర్తురు. పెంటాక్సిఫిలిన్ క్రొత్తది కాదు. కాళ్ళకు నెత్తురు చాలక నడువలేనివారికి ఎంతోకాలమునుండి ఇచ్చుచున్న మాత్ర. వ్యాధి మొదటి దశలో నున్నప్పుడు పెక్కుమందికి ఇది మేలు చేయుచున్నట్లు వైద్యులు వ్రాయుచున్నారు. పెద్ద తులనాత్మక పరీక్షలలో మాత్రము ఇంకను తేలవలసియున్నది. అందఱికిని సరిపడు మందును కాదు. నెత్తురు కాఱు జబ్బు గలవారికి అపాయము. కావున ఎవరికివారు అంగడిలో కొని మ్రింగరాదు. దీనితోపాటు నోటిని శుభ్రముగా పుక్కిలించుట, చీము పట్టినప్పుడు తగిన మందులిచ్చుట, ఊడివచ్చిన చచ్చు ముక్కలను మెల్లగా తీసివేయుట జరుగవలెను.

దవడ విఱిగినప్పుడు, చెంపకు రంధ్రము పడినప్పుడు మాత్రలకు లొంగదు. చచ్చిన ఎముకను కోసివేసి, పిక్కయందలి రెండెముకలలో సన్ననిదానిని దాని రక్తనాళముతోకూడ తెచ్చి, మెడలోని నాళమునకు కుట్టి, క్రొత్త దవడను మలచవలెను. 1989 లో న్యూయార్కు వైద్యుడు హిడాల్గో ఈ విధమున దవడను కట్టి చూపెను. ఆ సన్నని ఎముక శరీరభారమును మోయునది కాదు గనుక, తీసినను మనిషి నడువగలడు. గంటలకొలది సూక్ష్మదర్శిని క్రింద చేయవలసిన శస్త్రమిది. మన దేశపు పెద్ద కాన్సరు ఆసుపత్రులలో దీనిని నేర్పుగా చేయువా రున్నారు. పెద్ద నగరములను చేరగల రోగికి ఇది లభ్యము. చిప్పగిరి కూలివానికి గగనకుసుమము.

ఇంతటి శస్త్రమునకు ఎదురుగా నివారణోపాయమును పెట్టి చూడుడు. కిరణచికిత్సకు ముందు దంతవైద్యుడు ఒక్కసారి నోటిని పరీక్షించుట. నిలువని పండ్లను రెండు మూడు వారములు ముందుగా పీకి గాయము మాననిచ్చుట. నిలుచు పండ్లకు ఫ్లోరైడు లేపమును నేర్పుట. చికిత్స ముగిసినపిమ్మట ఆఱునెలల కొకసారి చూచుట. 2024 లో అంతర్జాతీయ వైద్యసంఘములు కలిసి ప్రకటించిన మార్గదర్శకములును ముందరి దంతపరీక్షనే మొదట చెప్పినవి. ఒక దంతవైద్యుడు, ఒక కుర్చీ, ఒక కిరణచిత్రము: ఇంతే సామగ్రి. ఒక్క దవడను మరల కట్టుటకగు వ్యయముతో ఎందఱి పండ్లను ముందుగా బాగుచేయవచ్చునో!

‘ప్రాణాపాయములో నున్నవానికి పంటి మాటలేమి? ఆలస్యమైన రాచపుండు పెరుగదా?’ యని కొంద ఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. రాచపుండు పంటికొఱకు ఆగదు. ఆగవలెనని మేమును అనము. కాని ముఖమునకు ముసుగు తయారుచేయుటకును, చిత్రములు తీసి మోతాదు లెక్కించుటకును ఎట్లును కొన్ని దినములు పట్టును. శస్త్రమైనవారికి ఆ గాయము మానుటకు వారములు పట్టును. ఆ వ్యవధియందే, శస్త్రమునాడే కూడ, పంటి పని ముగింపవచ్చును. తీఱిక లేకపోవుట కారణము కాదు. తలంపు లేకపోవుటయే కారణము. ‘ప్రాణము దక్కినది చాలదా?’ యను మాట అంతకంటె కఠినమైనది. నమలలేక, మాటాడలేక, దుర్గంధమునకు వెఱచి ఇంటివారికే దూరముగా కూర్చున్నవానిని మేము ప్రాణముతోనున్నవాడని పిలువగలము, బ్రతుకుచున్నవాడని పిలువజాలము.

స్వరాజ్యమునకు పూర్వము ఈ సీమ చెన్నరాజధానిలోని బళ్ళారి జిల్లాకు చేరియుండెను. 1934 లో చెన్నపట్టణమున వెలసిన బర్నార్డు కిరణవైద్యసంస్థయే నాటి దక్షిణదేశమున పేరుగన్నది. బొంబాయిలో తాతావారి స్మారకవైద్యశాల 1941 లో వెలసినది. స్వరాజ్యము వచ్చినపిమ్మట 1954 లో అడయారునను, 1955 లో హైదరాబాదునను, 1973 లో బెంగుళూరునను కాన్సరు సంస్థలు నిలిచినవి. 1953 లో ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి. నేడు కర్నూలు వైద్యకళాశాలకు అనుబంధముగా రాష్ట్ర కాన్సరు సంస్థ ఏర్పడుట హర్షింపదగినదే. భాభా అణుపరిశోధన కేంద్రమువారు స్వదేశీ కోబాల్టు యంత్రమును నిర్మించి, దానికి భాభాట్రాన్ అని పేరిడుట అంతకంటె గర్వకారణము. కాని యంత్రము వచ్చినంతనే వైద్యము పూర్తికాదు. కిరణమును స్వదేశమున పుట్టించి, ఆ కిరణము సోకిన దవడను అనాథగా విడుచుట స్వదేశీ ధర్మము కాదు.

కావున మేము ప్రభుత్వమును స్పష్టముగా కోరున దేమన: నోటికిగాని మెడకుగాని కిరణములు పెట్టు ప్రతి వైద్యశాలయందును దంతవైద్యుని సంతకము లేనిదే చికిత్స పత్రము పూర్తికారాదు; ప్రాణము మీదికి వచ్చినప్పుడు మాత్రమే మినహాయింపు. పేదల కాన్సరు చికిత్సకై ప్రభుత్వ మిచ్చు ధనములో ఈ దంతపరీక్షయు, ఫ్లోరైడు లేపమును, తరువాతి పరామర్శలును, దవడను మరల కట్టు శస్త్రమును విడదీయరాని భాగములుగా నుండవలెను. కర్నూలునందే అట్టి శస్త్రము నేర్చిన వైద్యులను నిలుపవలెను. అంతవఱకు దూరపు ఆసుపత్రికి పోవు రోగికిని, వాని తోడు పోవువానికిని దారిఖర్చు ఇయ్యవలెను. రోజుకూలి పోగొట్టుకొని పోవువానికి టిక్కెట్టు ధర చిన్న సంగతి కాదు.

అన్నిటికంటె సులభమైనది మఱియొకటి కలదు. చికిత్స ముగించి ఇంటికి పంపునప్పుడు రోగి చేతికి ఒక గట్టి చీటి ఇయ్యవలెను. ఏ ప్రక్క, ఏ సంవత్సరమున, ఎంత మోతాదు కిరణములు పడినవో అందు వ్రాయవలెను. ‘నన్నడుగక ఈ నోట పన్ను పీకరాదు’ అని పెద్ద అక్షరములతో తెలుగునను, సరిహద్దు గ్రామములవారికై కన్నడమునను అచ్చువేయవలెను. ఈ అపాయము ఒకటి రెండేండ్లతో తీఱునది కాదు; జీవితాంతమును వెన్నాడునది. కావున ఆ చీటియు జీవితాంతము ఉండవలసినదే. సామాజిక ఆరోగ్యకేంద్రములందలి దంతవైద్యులకును, పల్లెలలో వైద్యము చేయువారికిని, ఆశా కార్యకర్తలకును ఈ చీటి సంగతి తెలిపిన చాలును. ఎన్ని దవడలు దక్కునో!

ఇక మూలము మాట. 2011 నాటి ఆహారభద్రతా నియమములు తినుబండారములలో పొగాకు కలుపరాదని శాసించినవి. గుట్కా నిషిద్ధమైనది. పాన్‌మసాలా ఒక పొట్లము, పొగాకు ఒక పొట్లముగా ప్రక్కప్రక్కనే వ్రేలాడుచున్నవి. కొన్నవాడే రెండును కలుపుకొనుచున్నాడు. చట్టము గెలిచినది; నోరు ఓడినది. పొగాకు లేని వక్కయు నిరపాయము కాదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004 లోనే ప్రకటించినది. చికిత్స పొందిన పిమ్మటకూడ నమలుట మానని రోగికి దవడ చచ్చు అపాయము హెచ్చగుట మఱువరాదు.

ప్రభుత్వము చేయువఱకు ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. 1938 లో ఎమ్మిగనూరు సాలెవారు మాచాని సోమప్పగారి నాయకత్వమున సహకారసంఘమును కట్టుకొన్నప్పుడు ఎవరో వచ్చి తమ్ముద్ధరింతురని ఎదురుచూడలేదు. నేడు గ్రంథాలయమున ఈ పత్రికను చదువుచున్న సోదరులారా! మీ వీధిలో ‘కరెంటు’ పెట్టించుకొని వచ్చినవారున్నచో, వారిని పలుకరింపుడు. నోటిలో మూడు వారములైనను మానని పుండున్నను, ఎముక కనబడినను, క్రింది పెదవి మొద్దుబాఱినను, పిమ్మటి నెలవఱకు ఆగక చికిత్స చేసిన వైద్యశాలకే పంపుడు. అది చచ్చిన ఎముకయా, మరల వచ్చిన రాచపుండా యని ముక్కతీసి పరీక్షించి తేల్చవలసినది వారే. ఊరి పెద్దలు సంతర్పణలకు చందాలెత్తునట్లే, ఒక రోగి దారిఖర్చునకును ఎత్తగలరు. చదువురానివానికి ఆ చీటిలోని రెండు పంక్తులు చదివి చెప్పుట చదువుకొన్నవాని కనీసధర్మము.

వచ్చు కార్తికమున చిప్పగిరిలో మరల ఆరాధన జరుగును, భజనలు సాగును. ఆ జనములో నోటికి గుడ్డ అడ్డముపెట్టుకొని వెనుక నిలిచినవాడు ఒక్కడైన ఉండవచ్చును. వాని పుండును మాన్పి పంపితిమి. వాని గొంతును, వాని రొట్టెను కాపాడుట మిగిలియున్నది. పన్ను పీకుటకు ముందు ఒక్క ప్రశ్న అడిగిన చాలును. ఆ ప్రశ్న అడుగుట ఈ సీమ యందంతటను ఆచారము కావలెను.